ఊళ్లో ఇంటర్ పిల్లల కోసం సాయంత్రపు కూడిక: ఎంతవరకు చేయవచ్చు, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న (కళ్యాణదుర్గం యువజనం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. డిగ్రీ చదువుతున్నవాళ్లం, బెంగళూరులో పని చేస్తూ సెలవులకు ఊరికి వచ్చేవాళ్లం కలిసి చిన్న యువజన బృందంగా ఉన్నాం. ఇన్నాళ్లూ వాలీబాల్ పోటీలు, వినాయక చవితి ఏర్పాట్లే మా పని. ఇంటర్ తప్పిన పిల్లలు, వేరుశనగ పంట పోయి తల్లిదండ్రులు వలస వెళ్లగా అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలు ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోవడం చూసి, వాళ్ల మనసు కుదుటపడేలా ఏదైనా చేయాలనుకుంటున్నాం. అయితే మాలో ఎవరికీ మనస్తత్వశాస్త్రం తెలియదు. డాక్టర్లు చూసుకోవలసిన పనిలో మీరెందుకు వేలు పెడతారని కొందరు పెద్దలు అడుగుతున్నారు. శిక్షణ లేని మేము ఈ పని చేయవచ్చా? చేస్తే హద్దు ఎక్కడ గీసుకోవాలి?

జవాబు (కర్నూలు, మానసిక ఆరోగ్య విభాగంలో సామాజిక కార్యకర్త)

చేయవచ్చు, కానీ శిక్షణ లేకుండా కాదు. బీహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వైద్యులు కాని, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు కార్యక్రమం నడిపిన బళ్లలో పిల్లల కుంగుబాటు, తోటివారిని వేధించడం తగ్గాయి. అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. డిగ్రీ లేకపోవడం అడ్డంకి కాదనడానికి మీ పెద్దలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా 10 నుండి 19 ఏళ్ల వారి కోసం ఊళ్లోని పిల్లలనుండే కొందరిని ఎంచి, తోటివారికి తోడుగా తయారుచేయమంటుంది. మానసిక ఆరోగ్యం అందులో ఒక అంశం. కాబట్టి ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని కలిసి, శిక్షణ ఎక్కడ దొరుకుతుందో అడగండి.

హద్దు విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు పనులే చెబుతుంది: గమనించడం, వినడం, సాయం దొరికే చోటికి చేర్చడం. జబ్బుకు పేరు పెట్టడం, మందుల గురించి సలహా ఇవ్వడం, ఇంటి తగవులు తీర్చబోవడం మీ పని కాదు. నా అనుభవంలో యువకులు తడబడేది వినే దగ్గరే. ఎదుటివాడు రెండు మాటలు చెప్పగానే ధైర్యం చెప్పాలన్న తొందరలో మొత్తం కథను తామే పూర్తి చేసేస్తారు.

చావు గురించి అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ‘బతకాలని లేదనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో నమ్మదగిన పెద్దకు చెప్పండి, పొలం మందులు చేతికి అందకుండా చేయించండి, పక్కనే కూర్చుని 14416కు ఫోన్ చేయించండి. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు. ఖర్చు లేకుండా, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని ఇంటివాళ్లు వెనుకాడితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని వివరించండి.

జవాబు (కడప, డిగ్రీ విద్యార్థిని)

అన్నా, పైన అక్క చెప్పినదానికి ఆచరణలోని ఒక సంగతి కలుపుతాను. ‘మానసిక ఆరోగ్య శిబిరం’ అని బ్యానర్ కడితే, ఎవరికి అవసరమో వాళ్లు ఆ వీధిలోకే రారు. మా కాలనీలో మేము సప్లిమెంటరీ పరీక్షలకు కలిసి చదువుకునే కూడిక అని మొదలుపెట్టాం. చదువు ముగిశాక చాపల మీద కూర్చుని బొరుగులు తింటూ మాట్లాడుకునే అరగంటే అసలు పని. మీ వాలీబాల్ ఆట మగపిల్లలకు సరిపోతుంది గాని ఆడపిల్లలు ఆ మైదానం దరికి రారు, వాళ్లను ఇంటివాళ్లు చీకటి పడ్డాక పంపరు. అందుకని వాళ్ల కూడిక వేరే వేళకు, అంగన్‌వాడీలోనో బడిలోనో, ఊరికి తెలిసిన ఒక ఆడమనిషి సమక్షంలో పెట్టండి. పెళ్లి ఒత్తిడి గురించి వాళ్లు మగపిల్లల ముందు నోరు విప్పరు. ఇంకొక మాట: ఫలితాలు వచ్చిన వారం మాత్రమే హడావుడి చేసి మానేయడం కన్నా, నెలకు రెండుసార్లయినా తప్పకుండా జరిగే చిన్న కూడికే మేలు.

తిరుగు ప్రశ్న (కళ్యాణదుర్గం యువజనం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ఎవరైనా రహస్యంగా చెప్పిన విషయాన్ని ఎవరికీ చెప్పబోమని మాట ఇవ్వవచ్చా?

జవాబు (కర్నూలు, సామాజిక కార్యకర్త)

అలా పూర్తిగా మాట ఇవ్వవద్దు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, లేదా పిల్లలపై లైంగిక వేధింపు జరుగుతుంటే పెద్దలకు, అధికారులకు చెప్పక తప్పదని మొదటి కూడికలోనే అందరికీ తెలియజేయండి. పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడే పోక్సో చట్టం ప్రకారం అలాంటి వేధింపు గురించి తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలపడం తప్పనిసరి. మిగిలిన సంగతులేవీ వాట్సాప్ గ్రూపుల్లోకి, ఫొటోల్లోకి పోకూడదు. వినేవాళ్లకూ భారమవుతుంది గనుక, కూడిక ముగిశాక మీరు మీరు కాసేపు మాట్లాడుకుని, మోయలేనివాళ్లను కొన్నాళ్లు ఆటల ఏర్పాట్లకు మార్చండి.