ఫెజ్ నగరంలో రెండున్నర రోజులు: అమ్మతో కలిసి వెళ్తున్నాము, సలహాలు కావాలి

గోదావరి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులో ఉంటున్నాము. అక్టోబరులో ఒక గురువారం సాయంత్రానికి మొరాకోలోని ఫెజ్ చేరుకుని, ఆదివారం సాయంత్రం తిరుగు విమానం ఎక్కేలా టిక్కెట్లు తీసుకున్నాము. నేను, నా భార్య, రాజమహేంద్రవరం నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గర ఉంటున్న మా అమ్మ, ముగ్గురం ప్రయాణిస్తున్నాము. అమ్మకు 67 ఏళ్ళు. చదును నేల మీద ఎంత దూరమైనా నడుస్తారు గాని, మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లన్నా ఎత్తు ఎక్కడమన్నా ఇబ్బంది పడతారు. పైగా ఆమె పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. వీసాల పని పూర్తయింది కనుక దాని గురించి అడగడం లేదు.

శుక్రవారం పాత నగరం, శనివారం నీలి రంగు ఇళ్ళకు పేరుపడిన షెఫ్‌షావెన్, ఆదివారం ఉదయం వొలూబిలిస్ రోమన్ శిథిలాలు చూడాలని అనుకున్నాము. ఇది సాధ్యమేనా? బస ఎక్కడ చూసుకోవాలి? గైడును పెట్టుకోవడం అవసరమా?

చార్మినార్ నీడ

గోదావరి గట్టు గారూ, నేను ఫెజ్‌కు రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మీలాగే మూడు ఊళ్ళు పెట్టుకుని, ఏ ఊరూ సరిగా చూడకుండా తిరిగి వచ్చాను. షెఫ్‌షావెన్‌కు దాదాపు 200 కిలోమీటర్ల కొండదారి ఉంది, బస్సులో ఒక వైపుకే నాలుగు గంటలు పడుతుంది. ఎనిమిది గంటలు బస్సులో కూర్చున్న అమ్మగారికి, అక్కడ మళ్ళీ వీధి వీధికీ మెట్లు ఎదురవుతాయి. దానిని నిస్సంకోచంగా వదిలేయండి.

ఫెజ్ ఒక రోజుతో అయిపోయే ఊరు కాదు. ఎనిమిదవ శతాబ్దం చివర మొదటి ఇద్రీస్ అనే రాజు పునాది వేసిన ఊరిని తొమ్మిదవ శతాబ్దం మొదట్లో ఆయన కుమారుడు రెండవ ఇద్రీస్ రాజధానిగా పెంచాడు. ఆ తరువాత స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తరిమివేయబడినవారు నదికి ఒక గట్టున, ట్యునీసియాలోని కైరువాన్ నుంచి వచ్చినవారు రెండవ గట్టున స్థిరపడ్డారు. ఆ కైరువాన్ కుటుంబాలకు చెందిన ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ 859లో కట్టించినట్లుగా చెప్పే మసీదే తరువాతి కాలంలో ఖరవియ్యీన్ విశ్వవిద్యాలయమయింది. 1912లో ఫ్రెంచివారి ఏలుబడి మొదలైనప్పుడు వారు తమ కొత్త పట్టణాన్ని ప్రాకారాల బయట, దూరంగా కట్టుకున్నారు. పాత నగరాన్ని పడగొట్టి వెడల్పు రోడ్లు వేయకపోవడం వల్లనే ఈనాటికీ అక్కడ కారు దూరదు, సరుకంతా గాడిదల మీద, కంచరగాడిదల మీద నడుస్తుంది. 1981లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ పాత నగరానికి మీరు కనీసం ఒకటిన్నర రోజు కేటాయించాలి.

వొలూబిలిస్ మాత్రం వెళ్ళవచ్చు, కాని ఆదివారం ఉదయం వద్దు. విమానం ఉన్న రోజున వెళ్తే స్తంభాల కన్నా గడియారాన్నే ఎక్కువ సార్లు చూస్తారు.

కృష్ణాతీరం

పై సభ్యులు చెప్పినదంతా నిజమే గాని, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటి మిగిలిపోయింది. ఫెజ్ పాత నగరం గిన్నె ఆకారంలో ఉంటుంది. పడమటి వైపున ఉన్న బాబ్ బూ జలూద్ అనే నీలి ద్వారం ఎత్తున ఉంటే, ఖరవియ్యీన్ మసీదు, రాగి పనివారి సఫ్ఫారీన్ చౌకు, తోళ్ళు ఊనే గుంటలు అన్నీ నది దగ్గరి పల్లంలో ఉంటాయి. తాలా కబీరా, తాలా సగీరా అనే రెండు ప్రధాన వీధులూ ఆ ద్వారం దగ్గర మొదలై కిందికి దిగుతాయి. చాలామంది ఉదయం హుషారుగా దిగి, మధ్యాహ్నం అలసిన కాళ్ళతో అదే దారిలో ఎక్కుతూ తిట్టుకుంటారు. మీరు ఎక్కకండి. కింద రసీఫ్ అనే చౌకు వరకు వాహనాలు వస్తాయి, అక్కడ ఎర్రటి చిన్న టాక్సీ తీసుకుని తిరిగి పై ద్వారానికి చేరుకోండి. మా అత్తగారిని నేను రెండు రోజులూ ఈ విధంగానే తిప్పాను, ఆమె ఒక్కసారి కూడా ఎగువకు నడవలేదు.

బస విషయంలో మేము చేసిన పొరపాటు మీరు చేయకండి. ఫోటోలు చూసి మురిసిపోయి పాత నగరం నడిబొడ్డున ఒక రియాద్ తీసుకున్నాము. రియాద్ అంటే మన మండువా ఇల్లు వంటిదే, నడుమ ఆరుబయలు, చుట్టూ గదులు, గోడల నిండా జెల్లీజ్ పలకల పని. టాక్సీ దిగిన చోటు నుంచి అక్కడికి పావుగంట నడక, ఆ రాళ్ళ దారిలో సూటుకేసు చక్రం ఒకటి విరిగింది, తోపుడు బండివానికి అడిగినంత ఇచ్చుకున్నాము. చివరికి మాకు ఇచ్చిన గది మూడవ అంతస్తులో ఉంది, మెట్లు మోకాలి ఎత్తున, చీకటిగా ఉన్నాయి, లిఫ్టు లేదు. అందువల్ల బత్హా చౌకు దగ్గర గాని, రసీఫ్ దగ్గర గాని, టాక్సీ దిగిన రెండు మూడు నిమిషాలలో చేరగల ఇంటిని చూసుకుని, కింది అంతస్తులోనే గది కావాలని ముందుగా రాతపూర్వకంగా అడగండి.

నల్లమల నడక

గైడు గురించి నా అభిప్రాయం. మొదటి రోజు ఉదయం మూడు నాలుగు గంటలకు గుర్తింపు కార్డు ఉన్న గైడును మీరు బస చేసిన ఇంటివారి ద్వారా పెట్టుకోండి, తరువాత మీరే తిరగండి. కేవలం దారి చూపడానికే అయితే గైడు అవసరం లేదు. అత్తారీన్ మదరసా గోడ మీద కింద పలకలు, వాటి పైన గచ్చు మీద చెక్కిన రాతలు, అన్నిటి పైన దేవదారు చెక్కడం ఎందుకు ఆ వరుసలో ఉంటాయో ఎవరైనా చెప్పి చూపిస్తే, తరువాత చూసే ప్రతి కట్టడమూ మనకు మరో విధంగా కనిపిస్తుంది. అది 1325 నాటిది, చిన్నది, పెద్దదైన బూ ఇనానియా మదరసా కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది. షాపింగ్ వద్దని గైడుకు ముందే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే సగం సమయం తివాచీల దుకాణంలోనే గడుస్తుంది.

దారిలో కుర్రవాళ్ళు ఎదురై "ఈ దారి మూసివేశారు, నేను చూపిస్తాను" అంటారు. దారి మూసివేసి ఉండదు. నవ్వుతూ "లా, షుక్రన్" (వద్దు, ధన్యవాదాలు) అని సాగిపోవాలి. నా మొదటి రోజున నేను నమ్మి వెంట వెళ్ళినందుకు పది నిమిషాల నడకకు వంద దిర్హాములు (అక్కడి డబ్బు) అడిగారు, వాదించి ఇరవై ఇచ్చి బయటపడ్డాను. సన్నని సందులలో ఫోనులోని మ్యాపు తడబడుతుంది. దారి తప్పితే గిన్నె సంగతి గుర్తు పెట్టుకోండి: దిగువకు నడిస్తే నది, రసీఫ్, ఎగువకు నడిస్తే నీలి ద్వారం. వెనుక నుంచి "బాలక్" అని కేక వినిపిస్తే మాత్రం ఆలోచించకుండా గోడకు అతుక్కుపోవాలి. "తప్పుకో" అని దాని అర్థం, ఆ కేక వెనుక గ్యాసు సిలిండర్లు మోస్తున్న కంచరగాడిద ఉంటుంది.

తంగేడు పూలు

నేను తోళ్ళ వ్యాపారంలో చాలా ఏళ్ళు పనిచేశాను కనుక షువారా అనే ఆ తోళ్ళ గుంటల గురించి కాస్త చెబుతాను. అక్కడి ఫోటోలు అందరూ చూసి ఉంటారు గాని, ఆ పని ఏమిటో తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది. తెల్లని గుంటలలో సున్నం, పావురాల రెట్ట కలిపిన నీరు ఉంటుంది. సున్నం వెంట్రుకలను ఊడదీస్తుంది, రెట్ట తోలును మెత్తబరుస్తుంది. రంగుల గుంటలు ఆ తరువాతి దశకు చెందినవి. మన ఊళ్ళలో లంద అని పిలిచే గుంటలో తంగేడు చెక్కతో తోలు ఊనినవారికి ఈ క్రమమంతా కొత్తగా అనిపించదు, సరుకు మారినా చేతిపని ఒకటే. తొడల వరకు ఆ నీటిలో నిలబడి పనిచేసేవారిని చూస్తూ పుదీనా రెమ్మ ముక్కుకు పెట్టుకుని ఫోటోలు తీసుకోవడం నాకు కొంత సిగ్గుగానే తోచింది, అయినా చూడవద్దని చెప్పలేను.

గుంటలు వీధి నుంచి కనబడవు. చుట్టూ ఉన్న తోలు దుకాణాల డాబాల మీదికి వెళ్ళి చూడాలి, ఆ పుదీనా రెమ్మ కూడా వారే ఇస్తారు. పైకి మెట్లు ఎక్కువ, అవి కూడా ఇరుకుగా ఉంటాయి. అమ్మగారిని కింద దుకాణంలో కూర్చోబెడితే వాళ్ళే టీ ఇస్తారు. కొనడం తప్పనిసరి కాదు, పది ఇరవై దిర్హాములు చేతిలో పెడితే సరిపోతుంది. కొనదలచుకుంటే బాబూష్ చెప్పులను మడిచి చూడండి: మంచి తోలు మడత దగ్గర తెల్లగా పగలదు.

వంటింటి కబుర్లు

మేము శాకాహారులం, నాలుగు రోజులు ఉన్నాము, ఆకలితో పడుకోలేదు. అయితే కూరగాయల కుస్కుస్ (ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ) అన్నా, కూరగాయల టాజిన్ (మట్టి పాత్రలో ఉడికించే కూర) అన్నా నమ్మి తినకండి. పైన కనిపించేవి కూరగాయలే అయినా చాలా చోట్ల వాటిని మాంసంతో పాటు ఉడికించి, వడ్డించేటప్పుడు ముక్కను పక్కకు తీస్తారు. హరీరా సూపు సంగతి కూడా అంతే. "మాంసం వేయలేదా" అని అడగడం చాలదు, "మాంసం ఉడికిన నీళ్ళు కూడా వద్దు" అని చెప్పించాలి. బస చేసిన ఇంటిలో ముందు రోజే చెబితే వేరుగా వండి పెడతారు, అదే అన్నిటికన్నా మేలు.

అమ్మగారికి నచ్చేది బిస్సారా. ఫావా అనే పెద్ద చిక్కుడు గింజల పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసి ఉదయం పూట చిన్న దుకాణాలలో అమ్ముతారు. జారుగా చేసిన ముద్దపప్పు అనుకోండి. జాలూక్ అనేది కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు చుట్టం, కారం మాత్రం ఉండదు. పొరలు పొరలుగా ఉండే మ్సెమెన్ రొట్టెను తేనెతో ఇస్తారు. పుదీనా టీలో పంచదార ఎంత ఉంటుందంటే, మధుమేహం ఉన్నవారు ముందే వద్దని చెప్పాలి. ఆవకాయ సీసా పట్టుకువెళ్ళామని చెప్పడానికి నాకు ఏమాత్రం మొహమాటం లేదు.

గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. షెఫ్‌షావెన్‌ను తీసివేశాను, బత్హా దగ్గర కింది గదితో బస దొరికింది. అయితే శుక్రవారం పాత నగరంలో దుకాణాలు మూసివేస్తారని ఇంకొకచోట విన్నాను. ఆ రోజు వొలూబిలిస్ వెళ్ళి, శని, ఆదివారాలు ఫెజ్‌కు ఉంచుకుంటే బాగుంటుందా?

చార్మినార్ నీడ

అదే సరైన పద్ధతి. శుక్రవారం మధ్యాహ్నపు నమాజు తరువాత చాలా దుకాణాలు తెరవరు, ఇళ్ళలో కుస్కుస్ భోజనాలకు వెళ్ళిపోతారు, తోళ్ళ గుంటలలో కూడా పని పలచబడుతుంది. కారు మాట్లాడుకుని ఉదయమే బయలుదేరండి, గంటన్నర ప్రయాణం. నీడ తక్కువ కనుక టోపీలు, నీళ్ళు తప్పనిసరి. ఇళ్ళ నేలల మీది మొజాయిక్ చిత్రాలు అక్కడే, ఆరుబయట, ఉన్నచోటనే ఉన్నాయి. మొదటి ఇద్రీస్ తూర్పు నుంచి పారిపోయి వచ్చి ఆశ్రయం పొందినది ఈ ఊరిలోనే. పక్క కొండ మీద కనిపించే మూలే ఇద్రీస్ పట్టణంలో ఆయన సమాధి ఉంది, ఆయన కుమారునిది ఫెజ్ నడిబొడ్డున ఉంది. రెండింటిలోనూ ముస్లిములు కానివారికి ప్రవేశం లేదు, ఖరవియ్యీన్ మసీదుకు కూడా అంతే. తెరిచిన తలుపు దగ్గర నిలబడి లోపలి ఆవరణ చూడవచ్చు.

నల్లమల నడక

ఇక్కడ నేను కొంత విభేదిస్తాను. శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే తాలా కబీరాలో మోకాళ్ళ నొప్పి ఉన్నవారు తాపీగా, గాడిదల భయం లేకుండా నడవవచ్చు. దుకాణాల మీద ఆశ లేనివారికి ఆ రోజే మంచిది. కాకపోతే గోదావరి గట్టు గారి భార్యగారికి దుకాణాల మీద ఆశ ఉందో లేదో నాకు తెలియదు.

గోదావరి గట్టు

ఉంది. కనుక శుక్రవారం వొలూబిలిస్, సాయంత్రం తిరిగి వచ్చాక బూర్జ్ నోర్ కోట దగ్గరి కొండ మీద నుంచి సూర్యాస్తమయం. శనివారం గైడుతో నీలి ద్వారం నుంచి దిగువకు నడక, రసీఫ్‌లో టాక్సీ. ఆదివారం ఉదయం రాజప్రాసాదపు ఇత్తడి తలుపులు, పాత యూదుల వాడ, జ్నాన్ స్బీల్ తోట. సరిపోయిందా?

కృష్ణాతీరం

సరిపోయింది. చిన్న టాక్సీలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు, మీరు సరిగ్గా ముగ్గురు. ఎక్కగానే మీటరు వేయమనండి, రాత్రి పూట సగం అదనంగా తీసుకోవడం నియమమే, మోసం కాదు. వాళ్ళు మిమ్మల్ని చూసి షారూఖ్ ఖాన్ పాట ఎత్తుకుంటే అమ్మగారు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి. దిర్హాములను ఆ దేశం వెలుపల మార్చుకోవడం కష్టం కనుక ఒకేసారి ఎక్కువ తీసుకోకండి, మిగిలినవి ఆదివారం విమానాశ్రయంలో తనిఖీ దాటక ముందే మార్చుకోండి. డబ్బు మార్చినప్పుడు ఇచ్చిన రసీదులను అక్కడివారు చూపమని అడగవచ్చు, పారేయవద్దు.