బోరు నీళ్లకు అట్టలా బిగుసుకుపోతున్న మైక్రోఫైబర్ గుడ్డలు

నల్లకారు_నిజాంపేట:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నిజాంపేటలో ఒక అపార్టుమెంటులో ఉంటాము. రెండేళ్ల కిందట నల్ల రంగు కారు కొన్నాను. ప్రతి ఆదివారం ఎండ ముదరకముందే నేనే కడుగుతాను. ఆ పని ఇంకొకరికి అప్పగించడానికి మనసొప్పదు. తుడవడానికి పన్నెండు మైక్రోఫైబర్ గుడ్డలున్నాయి. అన్నీ 40 సెంటీమీటర్ల చదరాలు, 400 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 400 గ్రాముల మందం).

కొన్న కొత్తలో చేతిలోకి తీసుకుంటే కుందేలు పిల్లను పట్టుకున్నట్టు ఉండేవి. ఇప్పుడు దండెం మీద నుంచి తీసి ఒక మూల పట్టుకుంటే రెండో మూల కిందికి వాలడం లేదు. బానెట్ మీద నీళ్లు పీల్చుకోవడం మానేసి ఇటు నుంచి అటు నెడుతున్నాయి. మొన్న రాత్రి సెల్లారులో దీపం కింద నిలబడి చూస్తే, ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రటి గీతలు. చాలా బాధ కలిగింది.

ఉతికే తీరు ఇదీ: ఇంట్లో బట్టలతో కలిపి మెషీన్‌లో వేస్తాము. సబ్బు పొడి, చివర్లో మెత్తదనం కోసం ఒక మూత ఫ్యాబ్రిక్ కండిషనర్. తరువాత మేడ మీద ఎండలో ఆరేస్తాము. నీళ్లు బోరువి. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 900 చూపిస్తోంది. తప్పు నీళ్లదా, కండిషనర్‌దా, ఎండదా? ఈ గుడ్డలను బాగుచేసుకునే దారి ఉందా?

గోదారిగట్టు:

వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి జాడించండి. మా బావగారిది మీలాంటి బోరు నీళ్ల ఇల్లే. ఆయన అదే చేస్తారు, కొంత మెత్తబడతాయి. మాకు రాజమహేంద్రవరంలో గోదావరి నీళ్లు కాబట్టి ఈ ఇబ్బంది అంతగా లేదు.

బెజవాడ_షెడ్డు:

నల్లకారు గారూ, విజయవాడలో నాకు కార్లకు మెరుగుపెట్టే షెడ్డు ఉంది. తొమ్మిదేళ్లుగా ఇదే పని. రోజుకు యాభై, అరవై గుడ్డలు ఉతుకుతాము. మీరు అడిగిన మూడింటిలో మొదటి దోషి కండిషనర్, రెండోది నీళ్లు. ఎండ పాత్ర తక్కువ.

మనం దీన్ని గుడ్డ అంటాం కానీ ఇందులో నూలు లేదు. పాలిస్టర్, నైలాన్ జాతికి చెందిన పాలిఅమైడ్ కలిపి తీసిన పోగు ఇది. చాలావాటిలో 80కి 20 పాళ్లు, కొన్నిటిలో 70కి 30. ఎంత సన్నమంటే 9,000 మీటర్ల పోగు తూచినా ఒక గ్రాము రాదు. ఒక్కో పోగును నిలువునా చీల్చే ఇంత సన్నగా చేస్తారు. నీరైనా దుమ్మైనా వెళ్లి కూర్చునేది ఆ చీలికల సందుల్లోనే. సందులు పూడిపోతే గుడ్డ పని అయిపోయినట్టే.

కండిషనర్ చేసేది సరిగ్గా ఆ పూడ్చడమే. నూలు చీరకు నునుపునిచ్చే జిడ్డు పొర ఈ పోగును పట్టుకుని వదలదు. నాలుగేళ్ల కిందట మా షెడ్డులో కొత్తగా చేరిన అబ్బాయి గుడ్డలు మెత్తగా రావాలని మంచి ఉద్దేశంతోనే కండిషనర్ పోశాడు. చేతికి వెన్నలా తగిలాయి. ఆ సాయంత్రం ఒక కారు అద్దం తుడిస్తే ఇంద్రధనుస్సు రంగుల్లో జిడ్డు చారలు. తుడిచేకొద్దీ పరుచుకున్నాయే తప్ప పోలేదు. ముప్పై గుడ్డలను మళ్లీ మళ్లీ ఉతికితే గాని దారికి రాలేదు. మెత్తగా ఉందంటే శుభ్రంగా ఉందని కాదని ఆ రోజు అందరం నేర్చుకున్నాము.

ఇక నీళ్ల సంగతి. టీడీఎస్ వేరు, కఠినత్వం వేరు. మీటరు కరిగి ఉన్న అన్ని లవణాలనూ కలిపి అంచనా చెబుతుంది. గుడ్డను అట్టలా చేసేవి వాటిలో కాల్షియం, మెగ్నీషియం. కఠినత్వమంటే వీటి మోతాదే. తాగే నీటికి మన దేశ ప్రమాణం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 వరకు. మీది తెలుసుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. రెండు సీసాల్లో ఒకదానిలో బోరు నీళ్లు, మరొకదానిలో ఆర్ఓ నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి గిలకొట్టండి. ఆర్ఓ సీసా నురగతో నిండుతుంది. బోరు సీసాలో నురగ రాకుండా విరిగిన పాలలాంటి తెట్టు కడితే కఠినత్వం ఎక్కువన్నమాట.

గోదారిగట్టు గారు చెప్పిన వెనిగర్ మంచిదే. అయితే అది సున్నపు పెచ్చును కరిగిస్తుంది గాని కండిషనర్ జిడ్డును, కారు మెరుపుకు రాసే మైనాన్ని కదిలించలేదు. జిడ్డు పొర మీద ఉండగా వెనిగర్ పోస్తే కింది పెచ్చును అందుకోలేదు. చాలామంది ముందు అదే పోసి, ఫలితం లేదని గుడ్డలు పారేస్తారు. వరుస మార్చండి. మొదట చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడి నీళ్లలో ద్రవ డిటర్జెంటు కొద్దిగా కలిపి గంటసేపు నానబెట్టి, పిసికి, నురగ పోయేదాకా జాడించండి. పొడి వద్దు, కరగని పలుకులు నూగులో ఇరుక్కుంటాయి. ఆ తరువాత పది లీటర్ల నీళ్లకు ఒక గ్లాసు తెల్ల వెనిగర్ కలిపి అరగంట ఉంచండి, రాత్రంతా అక్కర్లేదు. రెండూ ఒకేసారి పోయకండి, క్షారం ఉన్న డిటర్జెంటూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బ్లీచింగ్ ద్రవం అసలే దగ్గరికి రానివ్వకండి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరికి ప్రమాదం. పోగుకు కూడా బ్లీచింగ్ మంచిది కాదు.

చివరి జాడింపు మాత్రం బోరు నీళ్లతో చేయకండి. ఉప్పు నీళ్లు గుడ్డలోనే ఆరితే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టండి. అది గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు, సున్నం దాదాపు ఉండదు. పలుచని గుడ్డతో వడకట్టుకుంటే చాలు. వానాకాలంలో, మొదటి జల్లు మేడను కడిగేశాక పట్టిన వాన నీళ్లు ఇంకా మేలు. మా షెడ్డు అద్దాల గుడ్డలకు ఏడాది పొడుగునా ఈ రెండే.

ఇంటి బట్టలతో మాత్రం కలపకండి. నూలు బట్టల పీచు ఈ సందుల్లోకి చేరితే మళ్లీ అద్దం మీదే తేలుతుంది. చక్రాలు తుడిచినవి, మైనం తుడిచినవి, అద్దాలవి వేటికవే ఉతకాలి. మీ పన్నెండు గుడ్డలు పొడిగా ముప్పావు కిలో పైచిలుకు తూగుతాయి. అవి ఒక్కటే మెషీన్‌లో వేసుకోవచ్చు.

ఆరేయడం నీడలో, గాలి తగిలేచోట. దండేనికి వేసేముందు ఒక్కో గుడ్డనూ గట్టిగా దులపండి, నూగు లేచి నిలబడుతుంది. ఆరాక కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో రెండు వైపులా తడమండి. కిందటి నెల ఒక గుడ్డలో నాకు వేపాకు ఈనె ముక్క తగిలింది, గోరులో సగం కూడా లేదు. కంటికి కనిపించలేదు, నూగులోకి అడ్డంగా దిగి ఉంది. దాన్ని నల్ల బానెట్ మీద ఒక్కసారి తిప్పితే చాలు, మీరు చూసిన గీతలకు ఇంకొకటి తోడవుతుంది. గుడ్డ అంచున కుట్టిన కంపెనీ చీటీ ఉంటే అదీ కత్తిరించేయండి.

డాలస్_తెలుగు:

షెడ్డు గారి మాటకు ఒకటి జోడిస్తాను. ఇక్కడ మేము డ్రయ్యర్‌లో ఆరబెడతాము. తక్కువ వేడి మీదే పెట్టాలి. డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాలు కూడా కండిషనర్ లాంటివే, అవి వాడకూడదు. ముందు తిరిగిన నూలు తువ్వాళ్ల పీచు జాలీలో ఉంటుంది, అది తీసేశాకే ఈ గుడ్డలు వేయాలి. ఇది తెలియక మా ఇంట్లో కారు లోపలి స్క్రీన్ నిండా తెల్లటి పీచు అంటించుకున్నాము.

నల్లకారు_నిజాంపేట:

తొమ్మిది రోజులకు తిరిగి రాస్తున్నాను. సీసాల పరీక్ష చేశాను. బోరు సీసాలో అచ్చంగా విరిగిన పాలే. మా అమ్మ చూసి, "ఇన్నాళ్లూ పప్పు ఉడకనిది ఇందుకేనా" అంది.

చెప్పిన వరుసలోనే చేశాను. మొదటి నానులో నీళ్ల మీద జిడ్డు తెర తేలి, కండిషనర్ వాసన గుప్పున వచ్చింది. చివర్లో ఏసీ నీళ్లతో జాడించి బాల్కనీ నీడలో వేశాను. తొమ్మిది గుడ్డలు తిరిగొచ్చాయి. అరచేతిలో పరిచి ఒక నీటి బొట్టు వేస్తే నిలబడకుండా వెంటనే లోపలికి దిగిపోతోంది. మూడు మాత్రం అక్కడక్కడా గట్టిగా, గోటితో గీకితే గాజు పలుకుల్లా తగులుతున్నాయి. సంక్రాంతికి కారుకు సిరామిక్ కోటింగ్ (రంగు మీద గట్టి రక్షణ పొరగా ఆరే ద్రవం) వేసుకున్నప్పుడు తుడిచినవి అవి. ఉతకకుండా డిక్కీలో వదిలేశాను. వాటికి ఏమైనా దారి ఉందా?

బెజవాడ_షెడ్డు:

లేదండి. కోటింగ్ ఆరితే రాయి అవుతుంది, ఏ సబ్బుకూ కరగదు. తుడిచిన వెంటనే నీళ్లలో వేసి ఉంటే కొంత ఆశ ఉండేది. మేము కోటింగ్ గుడ్డను మళ్లీ రంగు మీదికి రానివ్వము. ఆ మూడింటి మూల కత్తిరించి గుర్తు పెట్టి, ఇంజను గదికి మాత్రమే వాడండి. చక్రాలకు కూడా వద్దు, వాటి మీదా రంగు ఉంటుంది.

నల్లకారు_నిజాంపేట:

ఇప్పుడే మూలలు కత్తిరించాను. రెండో ఏసీ గొట్టం కింద కూడా బకెట్ పెట్టాను. ఉన్న గీతలకు పాలిష్ పట్టించే పని వచ్చే నెల పెట్టుకుంటాను, అప్పుడు మళ్లీ మిమ్మల్నే అడుగుతాను.