నాన్న యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మందులు పనిచేయట్లేదు, ఫేజ్ థెరపీకి జార్జియా వెళ్ళాలా?

కంచిలి అమ్మాయి:
నాన్నకి 64 ఏళ్ళు. మాది ఉద్దానం, కిడ్నీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ 4 దాటింది, డయాలసిస్ ఇంకా మొదలవలేదు. యూరిన్ ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. కల్చర్ టెస్టులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది, దాదాపు అన్ని మందులకీ ఎదురుగా ‘ఆర్’ (పనిచేయదు) అని ఉంది. మెరోపెనెం, అమికాసిన్, కొలిస్టిన్‌కి మాత్రం ‘ఎస్’ (పనిచేస్తుంది). చివరి రెండూ కిడ్నీకి మంచివి కావని డాక్టరుగారన్నారు. చిన్నాన్న ఫేజ్ థెరపీ వీడియో పంపి, జీడితోట తాకట్టు పెట్టయినా జార్జియా తీసుకెళ్దామంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం:
అమ్మా, తోట జోలికి వెళ్ళకండి.

ఫేజ్ థెరపీ మోసం కాదు. ఫేజ్ అంటే బ్యాక్టీరియాని మాత్రమే పట్టి చంపే వైరస్. గంగ, యమున నీళ్ళలో కలరా క్రిమిని చంపేదేదో ఉందని హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1896లోనే రాశాడు. జార్జియా రాజధాని టిబిలిసిలో 1923 నుంచి ఈ పని మీదే ఒక సంస్థ నడుస్తోంది. 2016లో శాన్‌డియాగోలో టామ్ ప్యాటర్సన్ అనే ప్రొఫెసర్ ఏ మందుకీ లొంగని ఇన్ఫెక్షన్‌తో కోమాలోకి వెళ్ళి, నరంలోకి ఫేజ్‌లు ఎక్కించాక బతికారు.

కానీ మీ నాన్నగారి జబ్బు సంగతి చూడండి. ప్రోస్టేట్ ఆపరేషన్‌కి వచ్చిన, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్న 97 మంది మగవాళ్ళ మీద ఆ టిబిలిసిలోనే ట్రయల్ చేశారు, 2021లో అచ్చయింది. కొందరికి మూత్రాశయంలోకి ఫేజ్, కొందరికి మందులేని ద్రవం ఎక్కించారు, మిగతావాళ్ళకి యాంటీబయాటిక్ ఇచ్చారు. ఫేజ్ యాంటీబయాటిక్‌కి తీసిపోలేదు గానీ, మందులేని ద్రవం కన్నా మెరుగనీ తేలలేదు. దానికోసం తోట తాకట్టా? పైగా ఒక ఈ.కోలైని చంపిన ఫేజ్ ఇంకో ఈ.కోలైని ముట్టుకోకపోవచ్చు, సరిపోయేది వెతకాలి.

మీ రిపోర్టులో మెరోపెనెం ‘ఎస్’ ఉంది. అదే మీకు పెద్ద ధైర్యం. కిడ్నీని బట్టి డోసు తగ్గించి ఇస్తారు. కొత్తవీ వస్తున్నాయి. చెన్నై ఆర్కిడ్ కంపెనీ కనిపెట్టిన ఎన్మెటాజోబ్యాక్టమ్‌ని సెఫెపైమ్‌తో కలిపిన ఇంజెక్షన్‌కి 2024లో అమెరికా అనుమతి వచ్చింది, ముదిరిన యూరిన్ ఇన్ఫెక్షన్లకే. మందుని విరగ్గొట్టడానికి క్రిమి వదిలే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. మన దేశంలో పుట్టిన మందు, తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

శాంపిల్ ఎలా పంపారు? ఇచ్ఛాపురం, సోంపేట వైపు పొద్దున్న పట్టిన యూరిన్ మా ల్యాబ్‌కి మధ్యాహ్నం బస్సులో దిగేది. డబ్బా పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలేది, మూత తీస్తే ఘాటు వాసన. ఆ వేడికి నాలుగు క్రిములుంటే లక్షలవుతాయి. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, కుదరకపోతే ఐసులో పెట్టి పంపాలి. ఇంకోటి, మంటా జ్వరమూ ఏమీ లేకుండా కల్చర్‌లో మాత్రం క్రిమి కనబడితే చాలామందికి మందే అక్కర్లేదు.

టెక్కలి నుంచి:
మా అమ్మకి ఇలాగే అయితే ఎర్టాపెనెం రాశారు. రోజుకి ఒక్క ఇంజెక్షనే, పొద్దున్నే వెళ్ళి వేయించుకుని ఇంటికొచ్చేసేవాళ్ళం. తర్వాత స్కాన్‌లో రాయి బయటపడింది. అది తీయించాక మళ్ళీ రాలేదు. మీ నాన్నగారికి మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూశారా? ప్రోస్టేట్ పెరిగినా ఇలా తిరగబెడుతుంది.

కంచిలి అమ్మాయి:
చూడలేదండి. మాస్టారూ, శాంపిల్ సోంపేటలోనే ఇచ్చాం, వెంటనే తీసుకున్నారు. నిన్నటి నుంచి నాన్నకి చలిజ్వరం, అన్నం ముట్టట్లేదు. ఎల్లుండి పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నాం.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం:
ఎల్లుండిదాకా వద్దమ్మా, ఇప్పుడే బయల్దేరండి. చలిజ్వరం అంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకో రక్తంలోకో పాకి ఉండొచ్చు. పాత కల్చర్ రిపోర్టు, క్రియాటినిన్ కాగితాలు వెంట పెట్టుకోండి. మొదటి ఇంజెక్షన్ పడకముందే బ్లడ్ కల్చర్‌కి, యూరిన్ కల్చర్‌కి తీయమని అడగండి. ఆ పేరుతో ఇంజెక్షన్ మాత్రం ఆలస్యం కానివ్వకండి.