‘వంగు’, ‘వంచు’: కణం పొర దగ్గర ఏది సరి?

ఇంటర్ పిల్లల కోసం ఎండోసైటోసిస్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. కణం బయటి సరుకును లోపలికి తీసుకునేటప్పుడు దాని పొరలో గుంట పడుతుంది, లోతవుతుంది, చివరికి తిత్తిలా విడిపోయి లోపలికి వచ్చేస్తుంది. “పొర వంగుతుంది” అని రాస్తే, చదివిపెట్టిన మిత్రుడు “వంచబడుతుంది” అని దిద్దారు. ఆ ‘బడు’ నాకు మింగుడుపడలేదు. ఏం రాయమంటారు?

— ‘బడు’ తీసేయండి. కానీ మీ మిత్రుడి సందేహంలో పస ఉందండి. దిగు–దించు, తెగు–తెంచు లాంటిదే వంగు–వంచు. ఈ పొర మందం 5 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, నూనెలా జారుతుంది, అయినా వంచబోతే మొండికేస్తుంది. చదునైన పొర గుండ్రటి తిత్తి కావాలంటే, ఒంటి వేడికి ఒక అణువులో ఉండే శక్తికి కొన్ని వందల రెట్లు కావాలి. అది దానంతట అది సమకూరదు. అందుకే ప్రోటీన్లు దిగుతాయి. మూడు కాళ్ల క్లాథ్రిన్ ముక్కలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పొర మీద బుట్ట అల్లుతాయి. అన్నీ ఆరు మూలల గళ్లే అయితే అల్లిక చాపలా ఉండిపోతుంది. ఐదు మూలల గళ్లు పడ్డచోటే గుండ్రం తిరుగుతుంది. పూర్తిగా మూసుకోవాలంటే అవి 12 ఉండాలి. పాతకాలపు ఫుట్‌బాల్ మీద నల్ల గళ్లు లెక్కపెట్టి చూడండి, అన్నే ఉంటాయి. బార్ ప్రోటీన్లయితే అరటిపండులా ఒంపు తిరిగి, పొరను తమ ఒంపులోకి తెచ్చుకుంటాయి. కాబట్టి “ప్రోటీన్లు పొరను వంచుతాయి” అనండి. కర్త ముందుకొస్తే ‘బడు’తో పనే లేదు.

— మరి “మొక్కై వంగనిది మానై వంగునా” అంటాం కదండీ? అక్కడా వంచే చెయ్యి ఉంది.

— ఉంది. కానీ సామెత మాట్లాడేది చెట్టు బిరుసు గురించి. మనం కూడా పొర బిగువు చెప్పేచోట ‘వంగు’ వాడదాం: “పొర బిగిసి ఉంటే ఓ పట్టాన వంగదు.”

— చాలా బాగుందండి, రెండూ ఉంచుతాను. ఇంకొక్కటి. తిత్తి మెడ చుట్టూ డైనమిన్ అనే ప్రోటీన్ చుట్టలు చుట్టుకుంటుంది కదా, అది మెడను తెంచుతుందా, మెడే తెగుతుందా?

— బిగించడం డైనమిన్ పని. మెడ బాగా సన్నబడి లోపలి గోడలు తగులుకున్నాక, పొరలోని కొవ్వు అణువులు వాటంతట అవే సర్దుకుని విడిపోతాయి. షిబిరే అనే రకం పండ్ల ఈగల్లో కాస్త వేడి తగిలితే డైనమిన్ పనిచేయదు. మెడలు తెగక వేలాడతాయి, ఈగ చచ్చుబడి పడిపోతుంది, చల్లబరిస్తే మళ్లీ లేస్తుంది. అందుకని నేనైతే “డైనమిన్ బిగిస్తే మెడ తెగుతుంది” అని రాస్తాను.