విండోస్ నుంచి లినక్స్‌కి మారాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా విండోస్ తప్ప మరోటి ముట్టుకోలేదు. నా పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే విండోస్‌కి బదులుగా వాడే లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేసుకుందామనుకుంటున్నాను. డిస్కులో ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ఉన్నాయి. ఏదో నొక్కి అన్నీ పోగొట్టుకుంటానేమోనని భయం. పైగా రోజూ తెలుగులో టైపు చేస్తాను, అది కుదురుతుందా?

జవాబు:
భయపడటం మంచిదేనండీ. నేను మొదటిసారి ఇన్‌స్టాలర్ అడిగినదేమిటో సరిగా చదవకుండా ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుని ముందుకు వెళ్లిపోయాను. నాలుగేళ్ల ఫొటోలు పోయాయి, మళ్లీ రాలేదు. కాబట్టి ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. చేశాక అక్కడి నుంచే నాలుగైదు తెరిచి చూడండి.

అప్పుడు కూడా వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మింట్ సొంత సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు (మింట్ అంతా ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని, రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ఉన్న పాతవి చెరిగిపోతాయి. ఐఎస్ఓని ఊరికే కాపీ పేస్ట్ చేస్తే దాని నుంచి ల్యాప్‌టాప్ మొదలవదు (బూట్ అవదు). ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కి (ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, కంపెనీని బట్టి మారుతుంది) పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. మీరు ఇన్‌స్టాల్ గుర్తు జోలికి వెళ్లనంత వరకు, మీరే డిస్కులోని ఫైళ్లు మార్చితే తప్ప, డిస్కు మీద ఏమీ మారదు, మింట్ పెన్‌డ్రైవ్ మీదనే నడుస్తుంది. దీన్నే లైవ్ సెషన్ అంటారు.

అందులో రెండు మూడు రోజులు తిరగండి. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా చూసుకోండి. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. పెన్‌డ్రైవ్ కాబట్టి కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ఆ వేగం చూసి నిరాశపడకండి. ఆపేస్తే మింట్‌లో మీరు చేసిన మార్పులూ పోతాయి. ఐఎస్ఓ దించేటప్పుడు మింట్ రకాల్లో, ర్యామ్ 4 జీబీ గానీ ఎక్కువ గానీ ఉంటే సినమన్ ఎడిషన్, అంతకంటే తక్కువైతే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి.

ఇంకొకటి: మింట్ ఉబుంటు అనే మరో లినక్స్ ఆధారంగా తయారైంది. ఏదైనా సమస్యకి మింట్ పేరుతో వెతికితే జవాబు దొరక్కపోతే ఉబుంటు పేరుతో వెతకండి, చాలావరకు అదే పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు, మూడు రోజుల తర్వాత:
ధన్యవాదాలండీ. వైఫై, సౌండ్ బాగున్నాయి. రెండు చోట్ల ఆగిపోయాను. డి డ్రైవ్‌లో ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గానీ సేవ్ చేయబోతే ‘రీడ్ ఓన్లీ’ అంటోంది. వీఎల్‌సీ సెటప్ ఫైలు దించి డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదు.

ఇంకొకరి జవాబు:
మొదటిదానికి కారణం బహుశా విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ డిస్కు మీద రాస్తే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి లినక్స్ చదవనిస్తుంది, రాయనివ్వదు. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే ఇక ఆ గొడవే ఉండదు.

ఇక వీఎల్‌సీ సంగతి: మీరు దించింది విండోస్ కోసం చేసిన ఫైలు. ఇక్కడ సైట్ల వెంట పడి సెటప్‌లు వెతకక్కర్లేదు. మెనూలో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి వీఎల్‌సీ అని కొట్టండి, ఇన్‌స్టాల్ నొక్కండి. అప్‌డేట్లు కూడా అన్నిటికీ ఒకేచోట వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు మానుకోవాల్సిన మొదటి అలవాటు ఈ సెటప్ వేటే.

ఇక తెలుగు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ దగ్గర ప్లస్ గుర్తు నొక్కి తెలుగు చేర్చండి. వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, అంటే ఒక్కో మీటకి ఒక్కో తెలుగు అక్షరం. షిఫ్ట్ పట్టుకుని డి, వదిలేసి సి, డి, సి కొడితే ‘అమ్మ’ వస్తుంది. రెండో డి పొల్లు, అదే మకారాన్ని వత్తు చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్‌ని ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ రండి. అప్పుడు ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి చేర్చుకోవచ్చు. ఇది మాత్రం అసలు ఇన్‌స్టాలేషన్ అయ్యాకే చేయండి, లైవ్‌లో చేసినా నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
డి డ్రైవ్‌లో సేవ్ అవుతోంది! ‘అమ్మ’ కూడా వచ్చింది. విండోస్ ఉంచుకుని పక్కనే మింట్ వేసుకోవాలని ఉంది.

మొదట జవాబిచ్చినవారు:
వేసుకోండి. దానికి ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్ ఆపి, డిస్కు తాళం పూర్తిగా తీసేదాకా (డీక్రిప్ట్ అయ్యేదాకా) ఆగండి. ఇన్‌స్టాలర్‌లో ‘ఇన్‌స్టాలేషన్ టైప్’ అన్న తెర వచ్చినప్పుడు విండోస్ పక్కన అనే ఎంపిక కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి. ఆ తెర ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.