హెవీ లైసెన్సుకి ట్రైనింగ్ తప్పనిసరా? ఏడో తరగతి వరకే చదివాను, ఇస్తారా?

మార్కాపురం కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు, నా వయసు 22. ఏడో తరగతితో బడి మానేశాను. కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడు మా బాబాయి లారీ మీద క్లీనర్‌గా వెళ్తున్నాను, ఎక్కువగా పలకరాయి, బియ్యం లోడ్లు. హెవీ లైసెన్సు తీసుకుని డ్రైవర్‌గా స్థిరపడాలని ఉంది.

మా వైపు ఒక స్కూలులో అడిగితే నువ్వు రోజూ రానక్కర్లేదు, డబ్బు కట్టెయ్, ఫారం 5 (ట్రైనింగ్ సర్టిఫికెట్) మేమే ఇస్తాం, టెస్టు రోజు కనబడితే చాలు అన్నారు. లారీని యార్డులో తిప్పుతూనే ఉన్నావు కదా, ఇంకా ట్రైనింగ్ ఏంటి, కట్టెయ్యమని బాబాయి కూడా అంటున్నాడు. నాకేమో మనసొప్పడం లేదు. యార్డులో రివర్స్ పెట్టడం వేరు, లోడుతో హైవే ఎక్కడం వేరు.

ఎనిమిదో తరగతి పాసైతేనే ఇస్తారని ఒకాయన చెప్పాడు, నిజమేనా? హెవీ వచ్చేలోపు కారు లైసెన్సుతో చిన్న గూడ్సు బండి నడపొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఇంట్లో ఈ విషయం మీదే టెన్షన్‌గా ఉంది.

డ్రైవింగ్ మాస్టర్, ఒంగోలు

తమ్ముడూ, ముందు చదువు సంగతి. ఎనిమిదో తరగతి నిబంధన ఒకప్పుడు ఉండేది, 2019లో కేంద్రం తీసేసింది. హర్యానాలో మేవాత్ ప్రాంతం నుంచి, మా కుర్రాళ్ళకి డ్రైవింగే బతుకుతెరువు, పని వచ్చు గానీ చదువు లేదు అని వినతి వచ్చాక ఆ మార్పు చేశారు. కాబట్టి నీ ఏడో తరగతి అడ్డు కాదు. కాకపోతే బోర్డులు, సైన్లు చదివి అర్థం చేసుకోవడం రావాలి, ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్షలో అడిగేది కూడా అదే.

వయసు 20 నిండాలి, కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది కావాలి. నీకు రెండూ ఉన్నాయి. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలవా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి, మూర్ఛ లాంటివి ఉన్నాయా అని అందులో ఉంటుంది. ఆ తర్వాత ఎల్ఎల్ఆర్. అది వచ్చిన 30 రోజులు దాటాకే టెస్టు స్లాటు, ఆరు నెలల లోపు పూర్తి చేసుకోవాలి.

ఇక ఫారం 5. కారుకి సొంతంగా నేర్చుకుని టెస్టుకి వెళ్ళొచ్చు. లారీ, బస్సు అంటే మాత్రం లైసెన్సున్న డ్రైవింగ్ స్కూలు నుంచి ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. రూల్ ప్రకారం ఆ ట్రైనింగ్ కనీసం 30 రోజులు, అందులో స్టీరింగ్ మీద కూర్చునే గంటలకీ ఒక కనీస లెక్క ఉంది. నిజం చెప్పాలంటే ఆ గంటలే చాలా తక్కువ. అది కూడా ఎగ్గొట్టి కాగితం చేతిలో పెడతామంటే, వాళ్ళు నీకు చేసేది సాయం కాదు. డబ్బు కట్టేది నువ్వు, కాబట్టి గంటలు లెక్కపెట్టి మరీ అడిగి నేర్చుకో. చేరే ముందు అడగాల్సినవి కూడా చెప్తాను: బండి ఏది, ఎయిర్ బ్రేకులు (గాలి ఒత్తిడితో పనిచేసేవి) ఉన్నదేనా, బ్యాచ్‌కి ఎంతమంది, రోడ్డు మీదకి తీసుకెళ్తారా లేక గ్రౌండులో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించి పంపేస్తారా. జవాబు నీళ్ళు నమిలినట్టు ఉంటే ఇంకో చోటు చూసుకో.

మీకు దర్శి మరీ దూరం కాదు, అక్కడ డ్రైవింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆర్టీసీ వాళ్ళు కూడా బయటి వాళ్ళకి హెవీ నేర్పిస్తున్నారు, డిపోలో కనుక్కో. తెలంగాణ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో కూడా ఇలాంటి ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2021 జులై నుంచి అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపున్న) సెంటర్లని కొత్త పద్ధతి వచ్చింది, హెవీకి ఆరు వారాలు, 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీవోలో మళ్ళీ టెస్టు ఉండదు. అన్ని స్కూళ్ళకీ ఆ గుర్తింపు ఉండదు, అడిగి చేరు.

ఆటోనగర్ లారీ ఓనర్

చిన్న గూడ్సు బండి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది, లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కేజీల లోపున్న గూడ్సు బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు, లైసెన్సు మీద వేరే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదు. అంటే టాటా ఏస్ లాంటివి నువ్వు ఈరోజే నడపొచ్చు. బండి చూడటానికి చిన్నగానే ఉంది కదా అని ఎక్కొద్దు, ఆర్సీలో గ్రాస్ వెయిట్ ఎంతుందో చూసుకునే ఎక్కు.

బాబాయికి ఇది చూపించు. హెవీ లైసెన్సు లేనివాడు లారీ నడుపుతుండగా ఏదైనా జరిగిందంటే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి ముందు డబ్బు కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆర్డర్ ఇస్తాయి. సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ కూడా కష్టం. మామూలు చెకింగులో పట్టుబడినా 2019 సవరణ తర్వాత నడిపినవాడికి 5,000, నడపనిచ్చిన ఓనర్‌కి 5,000. ఒక్క యాక్సిడెంట్‌తో లారీ, ఇల్లు రెండూ పోయినవాళ్ళని మా ఆటోనగర్‌లో కళ్ళారా చూశాను. సొంతవాడే కదా, లైన్ మీద కాసేపు పట్టుకోనిద్దాం అనుకునే ఓనర్లందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నాను, వద్దు.

ఎల్ఎల్ఆర్ వచ్చాక సంగతి వేరు. ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టి, హెవీ లైసెన్సున్న బాబాయి పక్కన కూర్చుని నేర్పించొచ్చు, అది చట్టప్రకారమే. స్కూలు గంటలకి ఇది తోడైతే నీకు మంచి ప్రాక్టీసు.

లైన్ డ్రైవర్, సూర్యాపేట

పై ఇద్దరూ కాగితాల సంగతి చెప్పిన్రు, నేను బండి సంగతి చెప్తా. తమ్మీ, స్కూలులో చేరినప్పుడు గేర్లు, రివర్స్ మాత్రమే కాదు, బ్రేకు గురించి విడిగా అడిగి నేర్చుకో. పొద్దున స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద గాలి మీటర్లు చూడాలి. గాలి పూర్తిగా ఎక్కి బజర్ ఆగేదాకా బండి కదపొద్దు. ఎంత అర్జెంటున్నా సరే.

ఘాట్ దిగేటప్పుడు, మీకు దగ్గర్లో దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డే ఉంది కదా, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. దిగుడు మొదలవ్వక ముందే గేరు తగ్గించుకోవాలి, సగంలో తగ్గిద్దామంటే గేరు పడదు. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగని అడ్డుకుని వేగం తగ్గించేది) వాడుకుంటూ, కాలి బ్రేకు తొక్కి వదులుతూ పోవాలి. పట్టి తొక్కుతూనే ఉంటే బ్రేకు లైనర్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే పట్టు తప్పుతున్నట్టే, జాగా చూసి ఆపెయ్యాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపి దించేవాళ్ళుంటారు. ఇంజిన్ ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, ఇక బ్రేకులకి గాలి తయారు కాదు. పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. నాకు తెలిసి లారీ డ్రైవర్ చేయగలిగే పనుల్లో ఇంతకంటే ప్రమాదమైంది లేదు, ఎవరు నేర్పినా నేర్చుకోకు.

ఇంకొకటి, ఎడమ వైపు. క్యాబిన్ పక్కనే, డోరు కింద బైకు ఉంటే సీట్ల కూర్చున్నవాడికి కనబడదు. ఎడమకి తిరిగే ముందు అద్దం ఒకసారి కాదు, రెండుమూడు సార్లు చూడు, క్లీనర్‌ని దిగి చూడమను. నువ్వు ఇప్పుడు క్లీనర్‌వే కాబట్టి ఆ పని ఎంత విలువైనదో నీకే బాగా తెలుసు.

మార్కాపురం కుర్రాడు

అన్నలకి చాలా థాంక్స్. ఓనర్ అన్న రాసింది బాబాయికి చదివి వినిపించాను, సొంత డ్యామేజీకి క్లెయిమ్ కష్టమన్న దగ్గర మళ్ళీ చదవమన్నాడు. రేపు దర్శి వెళ్ళి కనుక్కుందామని తనే అన్నాడు. ఇంకో రెండు అడుగుతాను. నాకు దూరం చూపుకి కళ్ళజోడు ఉంది, డాక్టరు ఒప్పుకుంటాడా? లైసెన్సు మూడేళ్ళకే అయిపోతుందా? తర్వాత పెట్రోలు ట్యాంకరు మీదకి వెళ్తే బత్తా బాగుంటుందంటున్నారు, దానికి ఇదే సరిపోతుందా?

డ్రైవింగ్ మాస్టర్, ఒంగోలు

కళ్ళజోడుతో స్పష్టంగా కనబడితే ఇబ్బంది లేదు, టెస్టుకి మాత్రం పెట్టుకునే రా. మూడేళ్ళు పాత లెక్క, 2019 సెప్టెంబరు నుంచి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్ళు. గడువు తీరకముందే ఏడాది లోపు ఎప్పుడైనా రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది అయిందంటే మళ్ళీ టెస్టే. ముందున్న 30 రోజుల గ్రేస్ ఇప్పుడు లేదు, గడువు దాటిన మర్నాడు బండి నడిపినా లైసెన్సు లేనట్టే లెక్క.

ట్యాంకరుకి ఇది చాలదు. పెట్రోలు, గ్యాసు, కెమికల్స్ తీసుకెళ్ళాలంటే ప్రమాదకర సరుకుల రవాణా మీద మూడు రోజుల కోర్సు చేసి లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. అది మూడేళ్ళకోసారి, ఒక రోజు రిఫ్రెషర్ చేసి రెన్యువల్ చేయించుకోవాలి. దీనికి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం రాయడం రావాలని రూల్ ఉంది. ట్యాంకరు మీద వేసే హెచ్చరిక బోర్డు, ఎమర్జెన్సీలో ఏం చేయాలో రాసిన కార్డు చదవలేకపోతే లీకైనప్పుడు ఫైర్ వాళ్ళకి ఏం చెప్తావు? నీకింకా టైముంది, ఖాళీ దొరికినప్పుడల్లా ఇంగ్లీషు అక్షరాలు, బోర్డులు చదవడం మొదలుపెట్టు.

దర్శి వెళ్ళేటప్పుడు ఆధార్, కారు లైసెన్సు ఒరిజినల్స్, ఫోటోలు పట్టుకెళ్ళు. ఫీజు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకో.