విక్ ఆ ప్రోగ్రామ్ ఆపేయడం న్యాయమేనా? (డీప్ స్పేస్ నైన్, ‘పేపర్ మూన్’ ఎపిసోడ్)

కక్ష్య:
స్టార్ ట్రెక్ టీవీ సిరీస్ డీప్ స్పేస్ నైన్ అనగానే అందరం డొమినియన్ అనే శత్రు సామ్రాజ్యంతో జరిగే యుద్ధం దగ్గరే ఆగిపోతాం. 7వ సీజన్ 10వ ఎపిసోడ్ ‘ఇట్స్ ఓన్లీ ఎ పేపర్ మూన్’ ఊసు ఎవరూ ఎత్తరు. 1998 డిసెంబర్‌లో వచ్చింది. పెద్ద ఓడలు, ఎత్తులు పైఎత్తులు ఏమీ లేవు. సిస్కో, కీరా, వార్ఫ్ లాంటి ముఖ్య పాత్రలన్నీ పక్కకి తప్పుకుంటాయి. కథంతా ఇద్దరు అతిథి పాత్రల భుజాల మీద నడుస్తుంది. అందుకే చాలామంది దాటేసి ముందుకెళ్లిపోతారు. నిన్న రాత్రి మళ్లీ చూశాను, మనసు ఊరుకోక రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష దళంలో చేరిన మొదటి ఫెరెంగీ (ఓ గ్రహాంతర జాతి) కుర్రాడు నాగ్. రెండు ఎపిసోడ్ల ముందు ఏఆర్-558 అనే చోట జరిగిన పోరులో కాలు పోగొట్టుకుంటాడు. కొత్త జీవకృత్రిమ కాలు పెట్టించుకుని, తను ఉండే అంతరిక్ష స్టేషన్‌కి తిరిగొస్తాడు. ఎవరితోనూ కలవడు, కుంటుతూ నడుస్తాడు, ఒకే పాట పదే పదే వింటూ ఉంటాడు. యుద్ధానికి ముందు శిబిరంలో డాక్టర్ బషీర్ పెట్టిన పాట అది. చివరికి ఆ పాట పాడిన విక్ ఫాంటేన్ దగ్గరికే వెళ్లి ఉండిపోతాడు. విక్ మనిషి కాడు, హోలోసూట్ అనే కృత్రిమ దృశ్యాల గదిలో 1962 నాటి లాస్ వేగాస్ క్లబ్బు గాయకుడి ప్రోగ్రామ్. కౌన్సెలర్ ఎజ్రీ అందుకు ఒప్పుకుంటుంది. నాగ్ అక్కడ క్లబ్బు లెక్కలు చూస్తూ, విక్‌తో పాత కౌబాయ్ సినిమాలు చూస్తూ మెల్లగా తేరుకుంటాడు. కానీ బయటికి రానంటాడు. అప్పుడు విక్ తన ప్రోగ్రామ్‌ని తానే ఆపేసుకుంటాడు.

విక్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని అంటాను. ఆ పని ఇంకెవరూ చేయలేకపోయారు, తండ్రి రామ్‌తో సహా. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

మేఘమాల:
నాగ్‌గా వేసిన ఆరన్ ఐజెన్‌బర్గ్ నటన గురించి ముందు మాట్లాడుకోవాలి కదా. ముఖమంతా రబ్బరు మాస్క్ కింద ఉన్నా కళ్లతోనే ఏడిపించాడు. 2019లో పోయాడు. ఇలాంటి పాత్ర ఇంకొకటి దొరకకుండానే.

నిశాచరి:
కక్ష్య గారూ, నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా చెబుతాను.

ఆ ఎపిసోడ్‌లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ప్రోగ్రామ్ ఆపడం కంటే ముందు జరిగేది. కొత్త కాలు చక్కగా పనిచేస్తోంది, వైద్యపరంగా లోపమేమీ లేదు అంటాడు బషీర్. నాగ్‌కి మాత్రం నొప్పి. ఆ క్షణం నుంచీ చుట్టూ ఉన్న అందరూ ఆ నొప్పిని నొప్పిలా చూడటం మానేస్తారు. ‘ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు డ్యూటీలో చేరతాడు’ అనే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఫాంటమ్ లింబ్ అనే మాట వాడుకలోకి తెచ్చింది సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టర్. అమెరికా అంతర్యుద్ధంలో చేతులూ కాళ్లూ పోయిన సైనికులను చూసి 1871లోనే దాని గురించి రాశాడు. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ మామూలు అద్దం ఒకటి పెట్టి, ఉన్న చెయ్యి ప్రతిబింబాన్ని లేని చెయ్యిలా చూపించి కొందరికి నొప్పి తగ్గించగలిగాడు. అంటే స్కాన్‌లో కనపడకపోయినా నొప్పి నిజమే. 24వ శతాబ్దపు వైద్యానికి ఆమాత్రం తెలియదా?

లెక్కప్రకారం:
చిన్న సవరణ. ఫాంటమ్ లింబ్ అంటే లేని అవయవంలో నొప్పి. నాగ్‌కి కాలు ఉంది, జీవకృత్రిమమైనదే అయినా నరాలకు కలిపిన కాలు. రెండూ ఒకటి కాదు. పోలిక చెల్లదు.

నిశాచరి:
లేని కాలి నొప్పా, కొత్త కాలి నొప్పా అన్నదా ఇక్కడ ముఖ్యం? డాక్టరుకి కనపడని నొప్పిని రోగి మాట మీద నమ్మాలా వద్దా అన్నది నా ప్రశ్న.

లెక్కప్రకారం:
అది వేరే ప్రశ్న. మీరు ఉదాహరణగా ఇచ్చింది ఫాంటమ్ లింబ్‌ని. ఆ ఉదాహరణ తప్పు అంటున్నానంతే.

క్వార్క్ పక్షం:
మీరందరూ విక్ మీద పడ్డారు గానీ అసలు ముద్దాయి సిస్కో కదా! ఏఆర్-558లో కుర్రాడి చెవులు చురుకైనవని ముందుకు పంపింది ఎవరు? ఇలాంటి పనికి వాడే దొరికాడా అని నాగ్ పెదనాన్న క్వార్క్ నిలదీయలేదా? పేపర్ మూన్‌లో ఆ సంగతి మీద సిస్కో నోట ఒక్క మాట రాదు. పంపినవాడు సంజాయిషీ ఇవ్వడు, తిరిగొచ్చినవాడు మాత్రం త్వరగా కోలుకోవాలి.

కక్ష్య:
క్వార్క్ పక్షం గారూ, సిస్కో కెప్టెన్, అక్కడ ఆజ్ఞలిచ్చేవాడు. అక్కడున్న అందరినీ పంపాడు, లార్కిన్ అనే సైనికురాలు ఆ గస్తీలోనే చనిపోయింది. అది ఆ ఎపిసోడ్ గొడవ, ఇక్కడికి లాక్కురాకండి.

నిశాచరి గారూ, నొప్పి అబద్ధమని ఎవరన్నారు? విక్ అనలేదు. చేతికర్ర సీన్ మళ్లీ చూడండి. నాగ్‌కి ఓ కొత్త కర్ర ఇస్తాడు. సన్నది, నాజూకైనది, బరువంతా మోపితే ఆగదు. అందుకని నాగ్ తనకి తెలియకుండానే కర్ర మీద ఆనడం తగ్గించేస్తాడు. ఎజ్రీ అది గమనించి మెచ్చుకుంటుంది కూడా. ‘నీకు నొప్పి లేదు, నడువు’ అన్నవాడు ఒక్కడూ లేడక్కడ. కర్ర తీసేసుకోలేదు, ఇంకో కర్ర చేతికిచ్చారు. ఇంతకంటే సున్నితంగా ఎవరు చూసుకుంటారు?

నిశాచరి:
అదే నాకు మింగుడుపడదు. తెలియకుండా చేయడం! ‘ఈ కర్ర ఎక్కువ బరువు మోయదు, ప్రయత్నిస్తావా’ అని అడగొచ్చుగా. మన కాలు, మన నొప్పి, నిర్ణయం మాత్రం పక్కవాళ్లది. అంత సున్నితంగా ఉన్నవాడే చివరికి ఏం చేశాడు? మాటామంతీ లేకుండా క్లబ్బు, గది, మనిషి అన్నీ ఒక్కసారిగా మాయం. పోరులో కాలు పోయింది కూడా అలాగే, ఒక్క క్షణంలో. గాయపడ్డవాడికి అదే దెబ్బ రెండోసారి తగిలించారు.

చివరి బెంచీ:
‘మాటామంతీ లేకుండా’ కాదండీ. వెళ్లిపొమ్మని ముందు చెబుతాడు, నాగ్ వినడు, ఆ తర్వాతే ఆపుతాడు.

నిశాచరి:
‘వెళ్లిపో’ అన్నది సంభాషణ అయితే సరే, చెప్పాడు.

కక్ష్య:
చూస్తున్నాను, మీకు విక్ ఏం చేసినా తప్పే. నాగ్ ఏం చేసినా ఒప్పే. తనని చూడ్డానికొచ్చిన జేక్‌ని నాగ్ కొట్టాడు. ప్రాణ స్నేహితుడిని! అదీ నొప్పి ఖాతాలోనే వేసేద్దామా? ఇంట్లో ఒకళ్లు ఇలా గదిలో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లకి ఏమవుతుందో మీకు తెలుసా?

నిశాచరి:
గదిలో కూర్చున్నవాళ్లకి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆపరేషన్ తర్వాత నా కాలు సరిగా లేదని చెబితే, చూసిన డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, ‘ఎముక అతుక్కుంది, ఇక అంతా నీ మనసులోనే’ అన్నాడు. నావైపు తిరిగి కూడా కాదు, మావాళ్లతో. ఆ రోజు నుంచి మా ఇంట్లో నొప్పి అనే మాట నిషేధం. లేవడానికి రెండు నిమిషాలు ఆలస్యమైతే ‘మళ్లీ మొదలుపెట్టింది’ అనేవాళ్లు. మీరు ఎపిసోడ్ చూసి నాకు పాఠం చెబుతున్నారు.

మేఘమాల:
దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

కక్ష్య:
నెమ్మదించడానికేముంది, మేఘమాల గారూ. నేనూ సినిమా కబుర్లు చెప్పడం లేదు.

మా తమ్ముడికి బండి ప్రమాదం జరిగింది. దెబ్బలు మానాయి. వాడు మాత్రం గదిలోంచి రాలేదు. కర్టెన్ వేసుకుని రాత్రంతా గేమ్స్, పగలంతా నిద్ర. చదువు ఆగిపోయింది. ఇంట్లో అందరూ ‘వాణ్ని కదిలించొద్దు, వాడే వస్తాడు’ అన్నారు. నేను వెళ్లి తలుపు తడితే నన్నే తిట్టారు, వాడి బాధ నీకేం తెలుసని. అందరూ ఎంతో ప్రేమగా చూసుకుంటుండగానే వాడి ఏళ్లు కరిగిపోయాయి. ‘ఇక్కడే ఉంటే చచ్చిపోతావు, ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా’ అని విక్ అంటాడే, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. విక్ మీద కాదు. మా ఇంట్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయినందుకు.

నిశాచరి:
తమ్ముడు ఏమన్నాడు?

కక్ష్య:
అర్థం కాలేదు.

నిశాచరి:
ఇంట్లోవాళ్లు ఏమన్నారో చెప్పారు. మీరేం అనుకున్నారో చెప్పారు. వాడేమన్నాడు?

లెక్కప్రకారం:
ఈలోగా ఒక విషయం చెబుతాను. నాగ్‌ని హోలోసూట్‌కి వెళ్లనిచ్చింది ఎజ్రీయే. తను ఎక్కడ కోలుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ నాగ్‌కి ఇచ్చారు. ఆ తర్వాత విక్‌ని కలిసి, ‘ముందు ఉండనిచ్చి, మెల్లగా బయటి ప్రపంచం వైపు మళ్లిస్తున్నావు, బాగుంది’ అని మెచ్చుకుంటుంది. విక్‌కి అలాంటి ప్లాన్ ఏదీ లేదు! నాగ్ ఉండటం తనకీ బాగుంది, అంతే. క్లబ్బు ఎప్పుడూ నడుస్తూ ఉండటం వల్ల మొదటిసారి తన మంచం మీద తను పడుకున్నాడు, పేకాడాడు, పొద్దున్నే లేచాడు. అంటే విక్ వదులుకున్నది కూడా తక్కువేం కాదు.

చివరి బెంచీ:
లెక్కప్రకారం గారు ఇవాళ్టి దాకా రాసినవాటిలో ఇదే నాకు నచ్చింది.

కక్ష్య:
నిశాచరి గారికి జవాబు. వాడు బయటికొచ్చాక, చాలా రోజుల తర్వాత, ఓ రాత్రి అమ్మని అడిగాడు: ‘నన్నెవరూ పిలవలేదేం?’ అని. అమ్మ దగ్గర సమాధానం లేదు. పక్కనే ఉన్న నాకు మాత్రం వినపడింది. ఇప్పుడు చెప్పండి, తలుపు తట్టడం తప్పా?

నిశాచరి:
తప్పనలేదు. పిలవడం వేరు, గది లేకుండా చేయడం వేరు. నన్ను రోజూ పిలిచేవారు, లే, నడువు, బయటికి రా అని. ఎలా ఉంది అని అడిగినవాళ్లు లేరు. మీ తమ్ముడిని ఎవరూ పిలవలేదు. నన్ను ఎవరూ అడగలేదు. ఇద్దరికీ కావాల్సింది వేర్వేరు. విక్ నిర్ణయమే అందరికీ మందు అని మీరు మొదట్లో నూటికి నూరుపాళ్లు అన్నారు చూడండి, నా గొడవంతా దానితోనే. గదిలో ఉన్నది మీ తమ్ముడో నేనో బయట నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది?

కక్ష్య:
తెలియదు. తెలిసేదాకా ఆగితే ఏళ్లు పోతాయి. పోతే తిరిగి రావు. తెలియకపోయినా ఎవరో ఒకరు తెగించాలి, తిట్లు తినాలి. విక్ తెగించాడు.

క్వార్క్ పక్షం:
తెగించాల్సింది సిస్కో.

మేఘమాల:
మీ ఇద్దరూ ఆపేసిన దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాతి సీన్ చూడండి. నాగ్ హోలోసూట్ తలుపు దగ్గర పరికరాలతో కుస్తీ పడుతుంటాడు, ఎలాగైనా విక్‌ని రప్పించాలని. స్టేషన్ ఇంజనీర్ ఒబ్రయన్ వచ్చి, తనంతట తాను రాకూడదనుకుంటే విక్ రాడు, నువ్వు చేయగలిగిందేం లేదని చెప్పి వెళ్లిపోతాడు. అప్పుడు విక్ తనే వస్తాడు. నాగ్ నోరు విప్పేది అప్పుడే, అంతసేపూ ఎజ్రీ దగ్గర కూడా విప్పలేదు. యుద్ధం మొదలైనప్పుడు ఉబలాటపడ్డానని, ఎంతమంది పోతున్నా తనకేం కాదనుకున్నానని, కాలు పోయాక మాత్రం ఏదైనా జరగొచ్చని, రేపే చచ్చిపోవచ్చని అర్థమైందని. ఇక్కడుంటే రేపు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఇక్కడే ఉంటానంటాడు. ఎపిసోడ్ గుండెకాయ అది. ఆపడం కాదు, తిరిగి రావడం.

కక్ష్య:
ఆపకపోతే తిరిగి రావడం ఉండేది కాదు.

నిశాచరి:
తిరిగి రాకపోయి ఉంటే? ఆపేసినవాళ్లందరూ తిరిగి వస్తారా? నా విషయంలో రాలేదు.

మేఘమాల గారూ, ఆ సీన్ ఇప్పుడే మళ్లీ చూశాను. ఒకటి గమనించాను. భయంగా ఉందని నాగ్ అన్నాక విక్ ‘భయపడకు’ అనడు. ‘నీకేం కాదు’ అని కూడా అనడు. బయట నీకేమవుతుందో నాకు తెలీదు, ముక్కలు ఎలా పడితే అలా ఆడాలి, ఒకోసారి గెలుస్తావు, ఒకోసారి ఓడతావు అంటాడు. ఆ ఎపిసోడ్‌లో నాగ్‌తో నిజం మాట్లాడినవాడు అతనొక్కడే. ఆ మాటలు నాకు కావాలి, తీసుకుంటాను. ప్రోగ్రామ్ ఆపడం మీద మాత్రం నా మాట మారదు, కక్ష్య గారూ.

కక్ష్య:
నాదీ మారదు. కానీ తమ్ముడితో కలిసి చూస్తానీసారి. వాడు ఏ పక్షమో వాడే రాస్తాడు.

క్వార్క్ పక్షం:
రాయమనండి. ఏఆర్-558 ముందు చూడమనండి, వరసగా. సిస్కో మీద నేను అడిగినదానికి ఇప్పటిదాకా ఒక్కరూ జవాబివ్వలేదు.